పన్ను

బెల్లందూరులో రాత్రి పదకొండున్నర.
ఏడో అంతస్తులో నేనూ,
కింది దవడలో కుడివైపు చివరి పన్నూ
మేలుకునే ఉన్నాం.

రోటర్‌డామ్‌లో తలుపు గొళ్ళేలు చేసే కంపెనీ ఒకటి
ఇల్లు మారాలనుకుంటోంది.
ఏ దేశంలో ఎంత కొరుకుతారో
తెల్లారేసరికి పట్టీ వేసి పంపాలి.
ఇరవై ఏడు దేశాలు. మూడు నిలువు వరసలు:
కంపెనీ లాభం మీద, మనిషి జీతం మీద, కొన్న సరుకు మీద.
తక్కువ కొరికేవాటికి ఆకుపచ్చ రంగు వెయ్యమని
మా టీమ్ లీడ్ ఉద్భవ్ పడుకోబోతూ మెసేజ్ పెట్టాడు.

మన భాషలో రెంటికీ ఒకటే మాట.
బహువచనంలోనే వేరుపడతాయి,
నోట్లోవి పళ్ళు, సర్కారువి పన్నులు.
ఒక్కటిగా ఉన్నంతసేపు
ఏది సలుపుతోందో చెప్పలేం.

లవంగం బుగ్గన పెట్టుకుని
హంగరీ దగ్గర మొదలెట్టాను.
కంపెనీకి తొమ్మిది. పాలపన్ను, గాటు కూడా పడదు.
అదే బుడాపెస్ట్‌లో వానకి జడిసి గొడుగు కొన్నవాడికి
ఇరవై ఏడు. అక్కడ దవడపన్ను.
ఫ్రాన్స్‌లో రొట్టె మీద అయిదున్నర.
ఆ అర ఎవరి నోట్లో విరిగిందో!
మాల్టా ముప్పై అయిదని నోరంతా తెరుస్తుంది,
దగ్గరికెళ్ళి చూస్తే కట్టుడు పళ్ళు,
వాటాదారు వచ్చి అడిగితే
చాలామటుకు తీసి చేతిలో పెడుతుంది.
ఎస్టోనియాది ఇంకో తీరు.
లాభాన్ని పంచకుండా మూటగట్టుకుంటే సున్నా,
పంచినరోజే కొరుకుతుంది.
మా పెదనాన్నకి తెలిసుంటే ఆ దేశంలోనే పుట్టేవాడు.
డెన్మార్క్‌లో పై మెట్టెక్కిన జీతగాడికి
ఆ మెట్టు మీది రాబడిలో సగానికి పైనే పోతుంది.
ఆ గడికి ఎర్రరంగు వేస్తూ
నా పే స్లిప్పు గుర్తొచ్చి
లవంగాన్ని ఇటు నుంచి అటు మార్చాను.

రెండింటికి నాగవేణమ్మ వచ్చింది, చెత్తబుట్టలు దులపడానికి.
శ్రీనివాసపురం దగ్గరి మనిషి.
ఈ అంతస్తులో ఆమె తెలుగూ నా తెలుగూ
కాస్త జరిగి ఒకదానికొకటి చోటిచ్చుకుంటాయి.
"దవడ వాచిండాదే సామీ, ఇంకా ఏం లెక్కలు?"
చెప్పాను.
మాపు కర్ర మీద గడ్డం ఆనించి
రంగురంగుల గడుల్ని అటునుంచి ఇటు చూసింది.
"మా మనవడికి ఇస్కూలు బూట్లు కొనాల.
వాటికి యాడ తక్కువ?"

గొళ్ళేల కంపెనీ అడగని ప్రశ్న.
అయినా వెతికాను.
ఐర్లాండ్‌లో పిల్లల బూట్లకి సున్నా.
"ఏ వయసు దాకా?"
కింద సన్నటి అక్షరాల్లో ఉంది,
పదకొండు నిండని పిల్లల పాదానికి పట్టే సైజు దాకా.
అది దాటితే అందరితో పాటే.
నాగవేణమ్మ కాసేపు ఊరుకుంది.
"అయితే కాలు పెరిగితే పన్ను మొలుస్తాది."

ఆ మాటని ఎక్కడ రాయాలో
నా పట్టీలో చోటు లేదు.
చక్రాల బకెట్టు కిర్రుమంటూ మలుపు తిరిగింది.
బూట్లకి ఒక వరస కలిపాను.
చూశాను.
తీసేశాను.
నాలుగుంపావుకి ఫైలు వెళ్ళిపోయింది.

పొద్దున మారతహళ్ళి వంతెన దగ్గర పళ్ళ డాక్టరమ్మ
నోట్లోకి లైటు వేసి, ఈ హల్లు తీసెయ్యాలి అంది.
కన్నడంలో పన్నుని హల్లంటారు.
తెలిసీ, ఒక్క క్షణం
నా మాటల్లోంచి ఏ అక్షరం పోతుందోనని
కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

వైద్యానికి జీఎస్టీ లేదు.
రసీదులో రెండే లెక్కలు తేలాయి.
పన్ను: ఒకటి.
పన్ను: సున్నా.

దూది కరిచిపట్టి బస్టాపులో నిలబడ్డాను.
ఐదొందల బస్సు నిండుగా వచ్చి నిండుగా పోయింది.
పక్కన యూనిఫాంలో ఒక పిల్లాడు,
కాలికి రెండు వేళ్ళు పెద్ద బూట్లు.
ముందుచూపుతో కొన్నవి.
నా నాలుక మాత్రం
వద్దంటున్నా వెళ్ళి
ఆ ఖాళీ గడిని తడుముతోంది.